రీఫ్ ట్యాంకులో నాచు: ముందు పై నుంచి పోసే నీళ్లు చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాలుగు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. నేను అర్థం చేసుకున్నది ముందు రాస్తాను, తప్పుంటే సరిదిద్దు.

ఇల్లు కరీంనగర్‌లో. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఉప్పునీటి రీఫ్ ట్యాంకు, అంటే చేపలతోపాటు పగడాలు పెంచేది, కింద సంప్ (ఫిల్టర్ సామాన్లు పెట్టే రెండో ట్యాంకు). పెట్టి 8 నెలలు. రెండు క్లౌన్ చేపలు, ఒక గ్రామా చేప, ఒక కోల్ టాంగ్ చేప, రాళ్లకు అంటుకుని పెరిగే పగడాల్లాంటి కొన్ని జోయాంతిడ్‌లు, మష్రూమ్‌లు, ఒక లెదర్ పగడం. మార్చి దాకా అంతా బాగుంది. ఏప్రిల్ నుంచి రాళ్లకు పచ్చటి జుట్టు మొలిచినట్టు నాచు, ఇసుక మీద ఒక మూల ఎర్రటి పాచి. టెస్ట్ కిట్‌లో చూస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. వేడికి ట్యాంకు మీద రెండు ఫ్యాన్లు పెట్టావు, తగ్గిన నీళ్లు వంటింటి ఆర్వో నుంచి పట్టి పోస్తున్నావు. ఇక నువ్వు అడిగినవి మూడు. నాచు మందు వెయ్యొచ్చా? రాళ్లన్నీ తీసి మరిగే నీళ్లలో ఉడికించి మళ్లీ మొదలుపెట్టాలా? నాచు తినే చేపలు ఇంకో రెండు వెయ్యాలా?

రాళ్ల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అది నీ ఇంట్లోవాళ్ల ప్రాణానికి సంబంధించింది. ఆ రాళ్లను ఉడికించకు. పొయ్యి మీద పెట్టకు, మరిగే నీళ్లు పొయ్యకు. నీ రాళ్ల మీద జోయాంతిడ్‌లు ఉన్నాయి. వాటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతిలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. 1971లో హవాయిలో ఇలాంటి జీవుల నుంచే దాన్ని మొదట వేరుచేశారు. మనకు తెలిసిన అతి తీవ్రమైన సహజ విషాల్లో అది ఒకటి. రాయిని ఉడికిస్తే ఆ ఆవిరి పీల్చినవాళ్లంతా ఊపిరాడక ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో చాలా జరిగాయి. బ్రష్‌తో రుద్దేటప్పుడు కూడా చేతులకు గ్లోవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలి. చేతి మీద గాయం ఉంటే ఆ రోజు ట్యాంకులో చెయ్యి పెట్టకు. ఇంట్లో చిన్న పిల్లలున్నారని రాశావు కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

రెండోది మందు. 2015 ఎండాకాలంలో హన్మకొండలో నా మొదటి ట్యాంకు కూడా సరిగ్గా నీ ఫొటోల్లాగే ఉండేది. ఒక షాపులో నాచు మందు అని నీలం రంగు సీసా ఇచ్చారు. అడిగితే ఉప్పునీటికి కూడా పనికొస్తుందన్నారు. రాత్రి వేశాను. మర్నాటి సాయంత్రానికి నత్తలు అద్దం మీది నుంచి రాలి పడ్డాయి. రెండేళ్లుగా నా చేతి మీదికి ఎక్కి గోళ్లు శుభ్రం చేసే క్లీనర్ రొయ్య ఒకటి ఉండేది, అదీ పోయింది. తర్వాత సీసా వెనకాల చిన్న అక్షరాల్లో చదివితే కాపర్ సల్ఫేట్ అని ఉంది. చేపలు రాగిని కొంత తట్టుకుంటాయి. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు. అంతకన్నా ఘోరం ఏమిటంటే రాగి రాళ్లకూ ఇసుకకూ పట్టుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతూనే ఉంటుంది. ఆ రాళ్లతో నేను మళ్లీ రొయ్యను బతికించుకోలేకపోయాను. చివరికి రాళ్లన్నీ మార్చేశాను. మంచినీటి ట్యాంకుకో, ఫౌంటెన్‌కో అమ్మే నాచు మందు ఏదీ రీఫ్ ట్యాంకు దగ్గరికి రానివ్వకు.

ఇక అసలు విషయానికి వద్దాం. కిట్‌లో సున్నా వస్తుంటే నాచు ఎలా పెరుగుతోందని నీ టెన్షన్. ఆ సున్నా నిజమే కావచ్చు, కానీ అది నీళ్లలో మిగిలిన దాని లెక్క. ట్యాంకులోకి వచ్చి పడుతున్న దాని లెక్క కాదు. వచ్చింది వచ్చినట్టు నాచు తినేస్తుంటే కిట్‌కు ఏం దొరుకుతుంది? పొలం భాషలో చెబితే సులువు. నైట్రేట్ అంటే యూరియా ఇచ్చేది, ఫాస్ఫేట్ అంటే డీఏపీ ఇచ్చేది. వరి ఏపుగా, ముదురు పచ్చగా ఉన్న మడి దగ్గర నిలబడి నీళ్లలో యూరియా కనిపించట్లేదు కాబట్టి ఎరువు వెయ్యలేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఎరువంతా పైరులో ఉంది. నీ ట్యాంకులో పైరు ఆ నాచే. అందుకే ఇప్పటికి కిట్‌ను పక్కన పెట్టు. రాళ్ల మీద ఎంత నాచు ఉందో అదే నీ రీడింగ్.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. రంగును చార్టుతో పోల్చి చూసే కిట్‌లతో 0.1 కన్నా తక్కువ ఫాస్ఫేట్ కంటితో పోల్చడం కష్టం. మనకు కావలసిన హద్దు మాత్రం 0.03 నుంచి 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్యే. నాచు తగ్గాక ఈ లెక్క బాగా అవసరమవుతుంది. అప్పటికి హన్నా చెకర్ లాంటి డిజిటల్ మీటర్ ఒకటి కొనుక్కో. అందులో ఫాస్ఫరస్ అని పీపీబీల్లో, అంటే పీపీఎంలో వెయ్యో వంతు లెక్కన, చూపించే రకం ఉంది. ఆ అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. మీటర్ 30 చూపిస్తే ఫాస్ఫేట్ సుమారు 0.09 అన్నమాట.

మరి ఎరువు ఎక్కడినుంచి వస్తోంది? నీ ప్రశ్న మొత్తంలో నాకు పట్టుబడిన వాక్యం ఒకటే. ఏప్రిల్ నుంచి మొదలైంది, తగ్గిన నీళ్లు వంటింటి ఆర్వో నుంచి పోస్తున్నాను అన్నావు.

మన దగ్గర రీఫ్ ట్యాంకు పెట్టేవాళ్లు ఎండాకాలపు ఆవిరిని తక్కువ అంచనా వేస్తారు. చల్లటి దేశాల్లో రాసిన సలహాలు చదివి రోజుకు లీటరో రెండు లీటర్లో అనుకుంటారు. నీది నా ట్యాంకు సైజే. రెండు ఫ్యాన్లు పెడితే మే నెలలో నాకు రోజుకు 7 లీటర్ల దాకా తగ్గింది, నేను బాటిళ్లతో కొలిచి రాసుకున్నాను. అదే ట్యాంకు ఆగస్టులో 2, 3 లీటర్లకు మించదు. రోజుకు 7 అంటే నెలకు 210 లీటర్లు. నీ ట్యాంకు, సంప్ కలిపి అసలు నీళ్లు 250 లీటర్లు ఉంటాయేమో. అంటే ఒక్క మే నెలలోనే దాదాపు ట్యాంకు నిండా కొత్త నీళ్లు పై నుంచి పోస్తున్నావు. ఆవిరయ్యేది నీరు మాత్రమే. ఆ నీళ్లలో కరిగి వచ్చిందంతా లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు వంటింటి ఆర్వో సంగతి. మనం తాగే నీళ్లు మరీ చప్పగా ఉండకూడదని ఆ మెషీన్లలో చాలావాటికి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్ అని ఒక చిన్న స్క్రూ ఉంటుంది. మెంబ్రేన్ దాటని నీళ్లను కొంచెం మంచి నీళ్లలో కలపడమే దాని పని. మరికొన్నిటిలో మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. రెండూ మన ఆరోగ్యం కోసం పెట్టినవే. కానీ తాగేనీటికి భారత ప్రమాణం నైట్రేట్‌ను లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. మన ప్రాంతంలో పత్తికీ మిర్చికీ వరికీ వేసిన యూరియా కొంత నేలలోకి ఇంకి బోరు నీళ్లలో చేరుతుంది. పైగా నైట్రేట్‌ను మెంబ్రేన్ మిగతా లవణాలను ఆపినంత బాగా ఆపదు. నీ ఆర్వో నీళ్లలో లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉందనుకో. 210 లీటర్లకు 2100 మిల్లీగ్రాములు. 250 లీటర్ల ట్యాంకులో అది నెలకు 8 పీపీఎం పైనే. ఒక్క చుక్క మేత వెయ్యకుండానే!

మీకు మానేరు డ్యామ్ నీళ్లు నల్లాలో వస్తే బోరు కన్నా నయమే. కానీ మే నెలలో నల్లా నీళ్లు చాలక బోరు నీళ్లు కూడా ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కిస్తారు కదా. ఆ నెలలోనే ఆవిరి ఎక్కువ, ఆ నెలలోనే నీళ్లు ఖరాబు. రెండూ ఒకేసారి వచ్చి పడతాయి. నీకు ఏప్రిల్‌లో మొదలుకావడానికి నా అంచనా ఇదే.

కాబట్టి ఈ రాత్రే చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. ఆర్వో నీళ్లు గ్లాసులో పట్టి టీడీఎస్ మీటర్ పెట్టి చూడు. పెన్నులాంటి మీటర్, పెద్ద ఖరీదేం కాదు. 0 రావాలి. 5 కాదు, 10 కాదు, 0. నీకు 60 నుంచి 100 మధ్య ఏదో వస్తుందని నా నమ్మకం. అప్పుడు ఆర్వో సర్వీస్ చేసే అబ్బాయిని పిలిచి మెంబ్రేన్ నుంచి బయటికి వచ్చే పైపుకు, కంట్రోలర్ కన్నా ముందే, ఒక టీ జాయింట్ పెట్టించు. అక్కడి నుంచి విడిగా ఒక హౌసింగ్ (ఫిల్టర్ డబ్బా), అందులో డీఐ రెజిన్, అంటే ఆర్వో దాటి వచ్చిన లవణాలను పట్టేసే గుళికలు. తాగే నీళ్ల లైను దాని పాటికి అది ఉంటుంది. ఇంకా మంచిది ట్యాంకు కోసం వేరే ఆర్వో డీఐ యూనిట్ పెట్టుకోవడం. బయటికి పోయే నీళ్లను ఇల్లు తుడవడానికో బాత్రూమ్‌కో వాడుకోవచ్చు, ఎండాకాలంలో అది కూడా లెక్కే.

డీఐ రెజిన్ గురించి నాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. రెజిన్ అయిపోవచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు జారిపోయేది సిలికా. సిలికా నీళ్లలో అయాన్‌గా పెద్దగా ఉండదు కాబట్టి టీడీఎస్ మీటర్ దాన్ని పట్టుకోదు. మీటర్ 0 చూపిస్తూనే ఉంటుంది, ట్యాంకులో ఇసుక మీద టీ పొడి చల్లినట్టు గోధుమరంగు దుమ్ము పడుతుంది. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు. వరంగల్, కరీంనగర్ నేలంతా గ్రానైట్ నేల, బోరు నీళ్లలో సిలికా ఉండనే ఉంటుంది. అందుకే రంగు మారే రెజిన్ తీసుకుని, ముప్పావు వంతు రంగు మారగానే మార్చెయ్.

నీళ్ల తర్వాత మేత. రోజుకు మూడుసార్లు, చేపలు తిన్నంత అన్నావు. ప్రేమతోనే వేస్తున్నావు, కాదనను. కానీ ఈ లెక్క చూడు. ఎండు గుళికల మేతలో ఫాస్ఫరస్ సుమారు ఒక శాతం ఉంటుంది. ఒక గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్, అంటే 30 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్. దాన్ని 250 లీటర్లలో కలిపితే 0.12 పీపీఎం. ఒక్క గ్రాముకే మన హద్దు దాటింది. చేప తిన్నా అందులో చాలా భాగం తిరిగి నీళ్లలోకే వస్తుంది. కాబట్టి వేసేదంతా ఎవరో ఒకరు తీసుకోవాలి. పగడం, స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే మెషీన్), నువ్వు, లేదా నాచు. నీ నాలుగు చేపలకు రోజుకు ఒకసారి, రెండు నిమిషాల్లో అయిపోయేంత చాలు. టాంగ్‌కు వారానికి రెండుసార్లు చిన్న నోరి (ఎండు సముద్రపు నాచు) ముక్క వెయ్యి, అది పస్తు ఉండకూడదు. ఫ్రోజెన్ మేతను కరిగించి ఆ నీళ్లు పారబోయమని అందరూ చెబుతారు. మంచిదే, నేనూ చేస్తాను. కానీ ఫాస్ఫేట్ ఎక్కువగా ఉండేది ఆ నీళ్లలో కాదు, మేతలోనే. కడిగాం కదా అని ఎక్కువ వేస్తే ఉపయోగం లేదు.

ఇక రాళ్ల లోపల దాగిన ఫాస్ఫేట్. ఇది చాలామందిని నిరాశపరిచే భాగం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మా భద్రకాళి చెరువు గుర్రపుడెక్క సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఎన్నిసార్లు తీసినా మళ్లీ కమ్ముకునేది. మురుగు వచ్చి కలిసినంత కాలం పైన తీస్తే ఏం లాభం? 2024 నవంబరులో పూడిక తీయడానికి చెరువునే ఖాళీ చేశారు, ఎందుకంటే ఏళ్ల తరబడి చేరిందంతా అడుగున ఉంది. నీ ట్యాంకులో పూడిక నీ రాళ్లు, ఇసుక. అవి కాల్షియం కార్బొనేట్, ఫాస్ఫేట్‌ను తమకు అంటించుకుంటాయి. నీళ్లలో ఫాస్ఫేట్ తగ్గగానే మళ్లీ వదులుతాయి. 20 శాతం నీళ్లు మార్చి సాయంత్రం చూస్తే తగ్గుతుంది, మూడో రోజు చూస్తే మళ్లీ అంతే. కిట్ తప్పు కాదు, నువ్వు చేసిన పనీ వృథా కాదు. రాయి తన అప్పు తీర్చుకుంటోంది. అది తీరేదాకా ఓపిక పట్టాలి.

దీనికి ఫెర్రిక్ ఆక్సైడ్ గుళికలు వాడొచ్చు, జీఎఫ్‌ఓ అంటారు. నీళ్లలోని ఫాస్ఫేట్‌ను పట్టుకుంటాయి. ప్యాకెట్ మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టు. ఒక్కసారిగా ఎక్కువ వేసి ఫాస్ఫేట్‌ను నిజమైన సున్నాకు దించితే రెండు ప్రమాదాలు. ఒకటి, పగడాల లోపల ఉండే సూక్ష్మ శైవలాలకూ ఆ ఎరువు కావాలి, అది లేక పగడాలు పాలిపోతాయి. రెండోది ఇంకా పెద్దది, డైనోలు వస్తాయి.

డైనోఫ్లాజెల్లేట్లు అంటే గోధుమరంగు జిగురు తీగలు, వాటి చివర గాలి బుడగలు. పొద్దున లైటు వేసినప్పుడు పెద్దగా కనిపించవు, మధ్యాహ్నానికి అన్నిటి మీదా పాకి ఉంటాయి. వాటిని తిన్న నత్తలు చచ్చిపోతాయి. వాటికి చెయ్యాల్సింది మిగతా నాచుకు చేసేదానికి పూర్తిగా తలకిందులు. నీళ్లు మార్చడం ఆపాలి, నైట్రేట్‌ను 5 నుంచి 10కి, ఫాస్ఫేట్‌ను 0.1 దగ్గరికి పెంచాలి, కొన్ని రకాలకు యూవీ లైటు పనిచేస్తుంది. అందుకే నాచు కనిపించగానే పని మొదలుపెట్టేముందు అది ఏదో తెలుసుకోవాలని పదే పదే చెబుతాను. అనుమానం ఉంటే ఆ జిగురు కొంచెం ట్యాంకు నీళ్లతో సీసాలో తీసుకుని బాగా కుదిపి, పేపర్ టవల్‌లో వడకట్టి, ఆ నీళ్లను గంటసేపు లైటు కింద పెట్టు. మళ్లీ తీగలు కట్టుకుంటే డైనోలే. నీ ఫొటోల్లో అవి లేవు. రాకుండా చూసుకో, అంతే.

నీది జుట్టు నాచే. ప్రతి పోగూ మెత్తగా, కొమ్మలు లేకుండా ఉంది. ఈకలాగా, చిన్న ఫెర్న్ ఆకులాగా ఉంటే అది బ్రయాప్సిస్, దాన్ని నత్తలు ముట్టవు. దానికి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల లెక్కన వాడేవాళ్లున్నారు, పనిచేస్తుంది కూడా. నీకు ఆ అవసరం లేదు.

ఇప్పుడు చేతిపని. శనివారమో ఆదివారమో ఒక పూట దీనికి పెట్టుకో. నీళ్లు మార్చే రోజే చెయ్యి. ట్యాంకులోంచి తీసిన ఉప్పునీళ్లు రెండు బకెట్లలో పట్టు. ఒక్కో రాయి బకెట్లోకి తీసి, నాచును వేళ్లతో మొదలంటా పీకు. మిగిలింది పళ్ల బ్రష్‌తో జోయాంతిడ్‌లకు తగలకుండా రుద్దు. రెండో బకెట్లో ముంచి జాడించి ట్యాంకులో పెట్టు. ట్యాంకు లోపల మాత్రం రుద్దకు. తెగిన ప్రతి పోగూ ఇంకోచోట అంటుకుని మొలుస్తుంది. తీసిన నాచు పిండి పక్కన పెట్టి చూడు, పిడికెడు అవుతుంది. రెండు నెలలుగా నువ్వు పోసిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ పిడికెట్లో ఉన్నాయి. నీళ్లు మార్చడంకన్నా ఎక్కువ సరుకు ఇలా బయటికి వెళ్తుంది. 10 శాతం నీళ్లు మార్చితే 20 ఉన్న నైట్రేట్ 18 అవుతుంది, అంతే. పీకిన నాచు మాత్రం మళ్లీ తిరిగి రాదు.

మొండిగా అంటుకున్న చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. ఇక్కడ జాగ్రత్త. విదేశీ వీడియోల్లో 3 శాతం అని చెబుతారు, మన మందుల షాపులో దొరికేది ఎక్కువగా 6 శాతం. దానికి సమానంగా డీఐ నీళ్లు కలుపు. రాయిని బయట పెట్టి నాచు మీద మాత్రమే చుక్కలు వేసి, రెండు నిమిషాలాగి, ఉప్పునీళ్లలో కడిగి పెట్టు. పగడానికి తగలనివ్వకు. ఒక రోజుకు రెండు రాళ్లకు మించి చెయ్యకు. ట్యాంకులో నేరుగా పొయ్యకు, రొయ్యలు తట్టుకోలేవు.

నాచు తినే చేపలు వెయ్యొద్దు. చేప ఎంత నాచు తింటే అంత విసర్జిస్తుంది, పైగా దానికి నువ్వు మళ్లీ మేత వెయ్యాలి. అడుగున్నర వెడల్పు ట్యాంకులో ఇంకో టాంగ్ వేస్తే ఉన్న కోల్ టాంగ్ దాన్ని బతకనివ్వదు. నత్తలు కావాలి నీకు. ట్రోకస్ నత్తలు నాకు అన్నిటికన్నా నచ్చుతాయి, ఎందుకంటే బోర్లా పడితే తమంతట తాము తిరిగి లేవగలవు. టర్బోలు బాగా తింటాయి గానీ పగడాలను తోసేస్తాయి. పొడవు జుట్టును నత్తలు పెద్దగా తినలేవు. నువ్వు పీకి పొట్టిగా చేస్తేనే అవి తినడం మొదలుపెడతాయి. చాలామంది ముందు నత్తలు కొని, అవి ఆకలితో చచ్చాక నత్తలు పనిచెయ్యవంటారు. వరుస తారుమారైంది అంతే.

ఇసుక మీది ఎర్రటి పాచి అసలు నాచే కాదు, సయనోబాక్టీరియా. పొరలా లేస్తోంది చూడు, అదే గుర్తు. సన్నటి పైపుతో పీల్చి తీసెయ్, వారానికి రెండుసార్లు. ఆ మూలకు నీటి ఉరవడి అందట్లేదు, వేవ్ పంపు మొహం అటు తిప్పు. మొత్తం పంపులు కలిసి గంటకు 5000 లీటర్లకన్నా తక్కువ తిప్పుతుంటే ఇంకోటి కావాలి. మందుల షాపులో ఎరిత్రోమైసిన్ తెచ్చి వెయ్యమని ఎవరైనా చెబుతారు. పాచి పోతుంది, నిజమే. దాంతోపాటు చచ్చి కుళ్లేదంతా నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తుంది, కారణం అలాగే ఉంటుంది కాబట్టి పాచి మళ్లీ వస్తుంది. మనుషుల ప్రాణాలు కాపాడే యాంటీబయాటిక్‌ను ట్యాంకులో పోసి మురుగులోకి వదలడం నాకు మనసొప్పదు.

స్కిమ్మర్ కప్పు రెండు రోజులకోసారి కడుగు, మెడ దగ్గర జిడ్డు పేరుకుంటే నురగ ఎక్కదు. ఫిల్టర్ సాక్ (సంప్‌లోకి వచ్చే నీళ్లను వడకట్టే గుడ్డ సంచి) మూడు రోజులకోసారి మార్చు, అందులో చిక్కిన చెత్త అక్కడే కుళ్లితే అది ఎరువు డబ్బానే. లైటు రోజుకు 8 గంటలు చాలు, తెల్ల లైటు తగ్గించు. సంప్‌లో చోటుంటే కీటోమార్ఫా అనే నాచును వేసి రాత్రిపూట దానికి లైటు పెట్టు. మనకు కావలసిన చోట నాచు పెంచి, కోసి బయట పారేస్తే పైన రాళ్ల మీద పెరగదు. 1980ల్లోనే స్మిత్సోనియన్‌లో వాల్టర్ ఆడీ ఈ ఆలోచనతో నాచు స్క్రబ్బర్ అనే పద్ధతి తయారుచేశాడు.

వేడి గురించి ఒక్క మాట. ఫ్యాన్లు నీటిని ఆవిరి చేసే చల్లబరుస్తాయి. అదే గదిలో ఎయిర్ కూలర్ కూడా నడుస్తుంటే గాలిలో తేమ పెరిగి ఆవిరి తగ్గుతుంది, ట్యాంకు చల్లబడదు. రోహిణి కార్తెలో నీళ్లు 30 దాటితే పగడం ముందు నీరసిస్తుంది, నీరసించిన పగడం మీద నాచు ఎక్కుతుంది. కూలర్ పక్క గదిలో పెట్టు. వీలైతే వచ్చే ఏడాదికి చిల్లర్, అంటే ట్యాంకు నీళ్లను చల్లబరిచే మెషీన్, కొను. కరెంటు పోయినా ఒక వేవ్ పంపు మాత్రం ఇన్వర్టర్ మీద నడవాలి.

ఇంకోటి, ట్యాంకు అందానికి రామేశ్వరం నుంచి తెల్లటి పగడపు ముక్కలు తెస్తానని ఒక ఫొటో కింద రాశావు. తేవద్దు. 2001 నుంచి మన రీఫ్ పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, చచ్చినదైనా కొనడం నేరమే. కావాలంటే ఎండు రాయి, సిరామిక్ రాయి దొరుకుతాయి. గట్టి పగడాలు కొనేముందు వాటి దిగుమతి కాగితాలు అడుగు. అవి ఇవ్వలేనివాళ్ల దగ్గర కొనకు.

ఎంత కాలం పడుతుందంటే, నాకు నీళ్లు సరిచేశాక మొదటి మూడు వారాలు ఏ తేడా కనిపించలేదు. ఆరో వారంలో నాచు రంగు ముదురు పచ్చ నుంచి లేత పచ్చకు మారింది, పీకితే సులువుగా ఊడి వచ్చింది. మూడో నెల చివర రాళ్ల మీద అక్కడక్కడ గులాబీ రంగు మచ్చలు కనిపించాయి. అది కోరలైన్, మనం కోరుకునే మంచి శైవలం. అది పరుచుకున్న చోట జుట్టు నాచుకు నిలవడానికి చోటు దొరకదు. నువ్వు ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, ఒకే లైటులో ఫొటో తీసి పెట్టుకో. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ముందు టీడీఎస్ ఎంతో చూసి ఇక్కడే రాయి. 0 వచ్చే నీళ్లు మొదలుపెట్టి, ఒకసారి రాళ్లన్నీ పీకి శుభ్రం చేశాక నాకు చెప్పు. నా ట్యాంకులో ట్రోకస్ నత్తలు పిల్లలు పెట్టాయి, అద్దం మీద గోరంత గోరంతవి బోలెడున్నాయి. హన్మకొండ వచ్చినప్పుడు ఒక డజను ఇస్తాను. ట్యాంకు నీళ్లు పోసిన డబ్బా, మూతకు రెండు రంధ్రాలు, పైన తడిగుడ్డ, పొద్దున చల్లటిపూట బస్సు అయితే కరీంనగర్ దాకా హాయిగా వస్తాయి.